గడ్డను సాకిన గిన్నె

కుప్పంలోని మా ల్యాబుకు నేను వెళ్లేసరికి, కణాల గదిని చూసుకునే మేడం నా కోసమే కాచుకుని ఉంది. ఆమె చేతిలో, మిషను పీల్చిపారేసిన ద్రవం పట్టే సీసా ఉంది. టీ తాగావా అని కూడా అడగకుండా, ఆ సీసాలోంచి కొంచెం తీసి మూతలో పోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, "సూడు" అంది.

చూశాను. లేత గులాబీరంగు ద్రవంలో బూడిదరంగు ఉండలు గుంపుగా పడి ఉన్నాయి. పళ్లెంలో ఉండాల్సినవి చెత్తసీసాలో ఉన్నాయి.

"ఈసారి కూడా ఊడ్చేసిందమ్మా," అంది. కోపంగా అన్నా బాగుండేది. అలసిపోయి అంది. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఇంకో చేత్తో బల్ల పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చుంది. అప్పటికే ఆమె కడుపు బాగా కనబడుతోంది.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. ఆపరేషన్‌లో తీసిన క్యాన్సర్ గడ్డలోంచి, రోగి ఒప్పుకుంటే, చిన్న ముక్క మా ల్యాబుకు వస్తుంది. దాన్ని కణాలుగా విడదీసి, అవి మళ్లీ ఉండలుగా కూడుకునేలా చేస్తారు. గాజు మీద పలచగా పరుచుకుని పెరిగే కణాలు ఒంట్లో ఉన్నట్టు ఉండవు. పొడవు, వెడల్పు, లోతు ఉన్న ముద్దగా పెరిగితే అసలు గడ్డకు కొంత దగ్గరగా ఉంటాయి. అప్పుడు వాటి మీద రకరకాల మందులు పోసి, ఏది పనిచేస్తుందో చూడొచ్చు.

ఒక్కో ఉండ రాగిగింజలో సగం కూడా ఉండదు. ఎక్కడా అతుక్కోదు, పళ్లెంలోని గుంత అడుగున ద్రవంలో ఊరికే కూర్చుని ఉంటుంది. రోజు మార్చి రోజు పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి. లేకపోతే తను వదిలిన మలినంలోనే తను చచ్చిపోతుంది. ఆ పనంతా మేడం చేత్తో చేసేది. పళ్లెం కొంచెం వంచి, సన్నటి గొట్టం మొనను గుంత గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి లాగేది. ఆదివారమని లేదు, పండగని లేదు. ఆమె బదులు ఆ పని చేయాల్సిన మిషనుకు ఆ చూపు లేదు. చెప్పిన చోటికి దిగుతుంది, చెప్పినంత లాగుతుంది. ఉండ అడ్డమొస్తే ఉండను కూడా లాగుతుంది. అలా జరగని పళ్లెం చేయడమే నా ఉద్యోగం. చూడడానికి మన గుంతపొంగణాల పెనం లాంటిదే. కాకపోతే అద్దంలాంటి ప్లాస్టిక్, అరచేతిలో ఇమిడే సైజు, గుంతలు మాత్రం చాలా ఎక్కువ. మేము పుస్తకాల్లో ఏ పేరు రాసుకున్నా, మాటల్లో దాన్ని గిన్నె అనేవాళ్లం.

"నేను కాన్పుకు పుట్టింటికి పోవాల. డాక్టరమ్మ అప్పుడే ఇంతసేపు వంగి కూర్చోవద్దంటాంది," అంది మేడం. "నేను పోయేలోపల నీ గిన్నె పని చెయ్యాల. లేదంటే అన్నీ పారెయ్యాల్సిందే. ఈ పని తెలిసినోళ్లు ఇంకెవరుండారు ఈడ?"

ఎవరూ లేరు. ఆమె నేర్పించిన ఒక్క అతనూ బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఉండలను గడ్డకట్టించి దాచిపెడదామా అంటే, కరిగించాక అవి ముందులా కోలుకోవని ఆమె అప్పటికే చూసింది.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి కొన్నేళ్లు బెంగళూరులో ప్లాస్టిక్ మోల్డులు డిజైన్ చేశాను. పెళ్లయ్యాక మదనపల్లెలో కాపురం. మా గిన్నెల మోల్డు చేసే వర్క్‌షాపు కూడా అక్కడే, టమాటా మార్కెట్ యార్డుకు పోయే దోవలో ఉంది. కాబట్టి నా బతుకంతా మదనపల్లెకూ కుప్పానికీ మధ్య బస్సుల్లోనే గడిచేది. ఆ దారిలోనే పుంగనూరు. పుంగనూరు దగ్గర పల్లెలో మా అక్క, బావ, వాళ్ల బిడ్డలు. బావకు మెట్టపొలం, నాలుగు ఆవులు, బోరు కింద కొంచెం టమాటా. నిమ్మనపల్లె దగ్గర మా పుట్టింట్లో అమ్మ పోయినప్పుడు నేను ఇంకా బడికి కూడా పోవట్లేదు. నన్ను సాకింది అక్కే. నాకు జడ వేసి, సద్ది కట్టి పంపి, ఆమె మాత్రం బడి మానేసింది.

చెత్తసీసాలో ఉండలు చూసిన రోజు తిరుగు బస్సులో పలమనేరు దాటాక బావ ఫోను చేశాడు.

"మీ అక్కకు కడుపు ఉబ్బిపోతాంది. గ్యాసు అనుకుని ఇన్నాళ్లు మాత్రలేసుకుంటా ఉన్న్యాది. స్కానింగులో అండాశయం కాడ గడ్డ ఉండాదంట. నువ్వు ఒకసారి వస్తావా?"

నేను పుంగనూరులో దిగిపోయాను. బస్టాండులోనే బావ రిపోర్టు నా చేతిలో పెట్టాడు. నేను ఇంజినీరునే తప్ప డాక్టరును కాదు. కానీ మా ల్యాబుకు వచ్చే ముక్కల పక్కన అలాంటి మాటలు రోజూ చూస్తాను. చదవగానే అది మామూలు గడ్డ కాదని తెలిసింది. ఆ సంగతి నా మొహంలో బావకు కనబడకూడదని టీకొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను.

ఆపరేషన్ కుప్పంలోనే చేయించాం. పేగులకు అతుక్కున్న చోట పూర్తిగా తీయలేకపోయామని పెద్ద డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. మిగిలినదానికి కీమో ఇవ్వాలన్నాడు. అంతకు ముందురోజు ఆయనే అక్కకు మా ల్యాబు సంగతి తెలుగులో, నిదానంగా చెప్పాడు. తీసిన గడ్డలోంచి ఒక ముక్క పరిశోధనకు ఇస్తారా, ల్యాబులో పెంచుతారు, ఇది పరీక్షలకే, మీ వైద్యం దీన్ని బట్టి మారదు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వద్దనొచ్చు అని. అక్క తలూపింది. "తీసి పారేసేదే కదా సార్. తీసుకోండి," అంది.

ల్యాబులో గిన్నెల మీద పేర్లు ఉండవు, గుర్తులే ఉంటాయి. అయినా ఆ రోజు ఆపరేషన్ గదిలోంచి మాకు వచ్చింది ఒక్కటే ముక్క. అదెవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

మొదటి కీమో అయ్యాక అక్క జుట్టు రాలింది. రెండోది అయ్యాక తిండి పూర్తిగా పోయింది. నోట్లో పుండ్లు. మజ్జిగ చెంచాతో పోసినా వాంతి. అంత బాధపడ్డాక అయినా రక్తపరీక్షలో జబ్బు ఎంతుందో చెప్పే అంకె దిగాలి కదా, దిగలేదు. కడుపులో నీళ్లు మళ్లీ చేరుతున్నాయి. "ఒంట్లో కొంచెం శక్తి రానిచ్చి ఇంకోసారి ఇచ్చి చూద్దాం" అన్నాడు డాక్టరు. చూద్దాం అన్న మాట నాకు చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

నా ఆశ అప్పుడు మొదలైంది. అక్క గడ్డలోంచి పెరిగిన ఉండలు మా దగ్గర ఉన్నాయి. అవి బతికి కొంచెం పెద్దవైతే, వాటి మీద వేరే మందులు పోసి చూడొచ్చు. ఏదో ఒకటి వాటిని చంపుతుంది. ఆ మందు పేరు తీసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తొచ్చు. ఈ మాట మేడంతో అన్నాను. ఆమె చేతి తొడుగులు విప్పింది.

"అట్ల అనుకోవద్దమ్మా. మన ఫలితం నమ్మి మందు మార్చే దశకు మనం ఇంకా రాలేదు. నీకు తెల్దా?"

తెలుసు. తెలిసినా ఆ ఆశను వదిలితే నాకు పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

మిషను ఉండలను ఊడ్చేయకుండా నేను గుంత గోడకు ఒక మెట్టు పెట్టాను. గొట్టం ఆ మెట్టు మీదే ఆగుతుంది, అడుగుదాకా దిగదు. అప్పుడు ఉండలు దక్కాయి కానీ, అడుగున పాత ద్రవం ఎక్కువ మిగిలిపోయేది. మెట్టు కిందికి దించితే మళ్లీ ఉండలు పోయేవి. మూడోసారి గుంతను రెండు భాగాలు చేశాను. ఒకవైపు ఉండ, ఒకవైపు గొట్టం, మధ్యలో ద్రవం మాత్రమే పట్టే సన్నటి సందు. కాగితం మీద అది ఎంత బాగా ఉందో చెప్పలేను.

ఆ మోల్డు కోసేటప్పుడు వర్క్‌షాపు అన్న విసుక్కున్నాడు. అతను డ్రిప్పు పైపుల ముక్కలకు, టమాటా క్రేట్లకు మోల్డులు చేసే మనిషి. "ఇన్ని తూర్లు కోస్తే ఉక్కు కూడా ఏడుస్తాదమ్మా. బయట గిరాకీలు కాసుకోనుండారు. ఈ గిన్నెలు ఎవురికి ఇంత అర్జెంటు?"

"మా అక్కకు అన్నా," అన్నాను.

అతను ఇంకేమీ అడగలేదు. మిషను మీద ఉన్న వేరేవాళ్ల పని దించి నాది ఎక్కించాడు.

అక్క ఉండల్లో సగం మేడం నా కొత్త గిన్నెలో వేసింది, సగం తన చేతి కింద పాత పళ్లెంలోనే ఉంచుకుంది. వారం తిరక్కముందే ఫోను చేసింది. కొన్ని గుంతల్లో ఆ సన్నటి సందు దగ్గర గాలిబుడగ ఇరుక్కుందట. మిషను ఒకవైపు కొత్త ద్రవం పోస్తూనే ఉంది, అవతలికి చుక్క కూడా పోలేదు. ఉండలు నడుమ నల్లబడి, అంచులు చెదిరి, పొడిలా రాలిపోయాయి. వేరేవాళ్ల ఉండలతో ముందు చేసిన పరీక్షలో ఆ బుడగ ఒక్కసారి కూడా రాలేదు.

నేను వెళ్లి తెర మీద ఆ నల్లటి మచ్చలు చూశాను. అవి ఆకలితో చచ్చిపోయినవి. ఆ వారమే అక్క బరువు కూడా బాగా తగ్గింది. ఆ రెండింటికీ సంబంధం లేదని చదువుకున్న బుర్రకు తెలుసు. నా ఒళ్లు ఆ మాట వినలేదు. ఇక్కడ ఇవి పోతే అక్కడ అక్క పోతుందనే భయం పట్టుకుంది. కుప్పం బస్టాండులో, పొద్దున పూట, అంతమంది మధ్య, సిమెంటు బెంచీ మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. పక్కన పూలు కట్టుకుంటున్న ఒకామె, "ఏమ్మా, ఎవురన్నా పోయినారా?" అని అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. ఆమెకు నేనేం చెప్పాలి?

తరవాతి రోజుల్లో నేను ఇంట్లో వంట చేశానో లేదో గుర్తు లేదు. ఎక్కడ గుంత కనబడినా అదే ధ్యాస. సందు ఎత్తేశాను. మళ్లీ మెట్టుకే వచ్చాను. ఈసారి మెట్టును చదునుగా కాకుండా వాలుగా చేశాను. గోడ మూలలన్నీ గుండ్రం చేశాను, బుడగకు తల దాచుకునే చోటు ఉండకూడదని. కొత్త ద్రవం ఉండ మీద ధారగా పడకుండా గోడ వెంట జారేలా చేశాను. అడుగు భాగాన్ని గిన్నెలా కాకుండా గరాటులా సన్నం చేసి, ఉండ ఎప్పుడూ నడుమనే కూర్చునేలా, దాని చుట్టూ పాత ద్రవం తక్కువ మిగిలేలా చూశాను. వర్క్‌షాపు అన్న ఉక్కును మొహం కనబడేదాకా పాలిష్ పట్టించాడు. గీత ఉంటే ప్లాస్టిక్ మీద ఆ గీత దిగుతుంది, మైక్రోస్కోపుకు లోపలిది కనబడదు.

మేడం తన దగ్గర మిగిలిన అక్క ఉండలను, ఇంకో ఇద్దరు రోగులవీ ఆ నాలుగో గిన్నెలో వేసింది. ఈసారి బాగా నలిగిపోయినట్టు కనబడిందామె. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. మిషను మొదటిసారి ద్రవం మార్చింది. ఉండలు కదల్లేదు. రెండోసారి, మూడోసారి. రెండు వారాలకు తెర మీద అవి గుండ్రంగా, అంచులు నున్నగా, ముందుకంటే పెద్దగా కనబడ్డాయి. ఒక్కటి కూడా పోలేదు. మేడం నా చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుని, "సూడు, ఈడ కూడా ఎగురుతాండారు," అని నవ్వింది. ఆ నెలల్లో నేను నవ్వింది అప్పుడే.

అదే ఊపులో పుంగనూరులో దిగి, ఆటో పట్టుకుని అక్క దగ్గరికి పోయాను. అక్క వసారాలో చాప మీద పడుకుని ఉంది, తలకు తువ్వాలు చుట్టుకుని. పక్కన గ్లాసులో మజ్జిగ అలాగే ఉంది. బావ ఆవులకు గడ్డి వేస్తున్నాడు.

"అక్కా, బతికినాయి. అన్నీ బతికినాయి," అన్నాను చెప్పులు విప్పకముందే.

"ఏవి మే?"

"నీయే. ఆపరేషనప్పుడు ముక్క తీసిచ్చినారే, దాంట్లో కణాలు. నా గిన్నెలో బాగా పెరుగుతాండాయి."

అక్క మోచేతి మీద లేచింది. "పెరుగుతాండాయా?"

"ఊ."

"నా కడుపులోంచి తీసిన గడ్డ ఇంకా పానంతో ఉండాదా?"

అప్పుడు నాకు ఆమె గొంతు అర్థమైంది. నెమ్మదిగా చెప్పడానికి ప్రయత్నించాను. "డాక్టరు ఆ పొద్దు చెప్పినాడు కదక్కా, పెంచుతారని. నువ్వు సరే అన్నావు."

"రేపు కడుపు కోస్తాం అని చెప్పిన మనిషికి ఏం ఇనపడతాది మే? రక్తం పరీక్ష మాదిర సూసి పారేస్తారు అనుకుంటి." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "ఏం పెడతారు దానికి?"

"చక్కెర, ఉప్పులు, ఇంకా కొన్ని కలిపిన నీళ్లు."

"ఎన్నాళ్లకొకతూరి?"

"రోజు మార్చి రోజు."

"నా నోట్లోకి మజ్జిగ పోలా. దానికి రోజు మార్చి రోజు కొత్త తిండా?" ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నన్ను తినేదాన్ని నువ్వు సాకుతాండావా? గిన్నె చేసి, దాంట్లో పెట్టి?"

బావ గడ్డి చేతిలోనే పట్టుకుని వచ్చాడు. "అది మంచికే లేమ్మే. మందు కనుక్కునేదానికి—"

"నువ్వు ఊరుకో," అంది అక్క. "సెప్పు అమ్మీ. దాని మీద మందు పోసి సూస్తే, ఆ మందు నాకిస్తారా? మీ మేడం సెప్పిందా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ అక్క నన్ను చిన్నప్పటినుంచి చూస్తూ ఉంది, నా మొహం ఆమెకు దాగదు. "ఖాయంగా ఇస్తారని లేదు," అన్నాను.

"అయితే సంపెయ్."

"అక్కా, కొన్నాళ్లు ఆగు. ఏమో, ఎవురికి తెలుసు, దాంట్లో దోవ కనపడొచ్చు."

"నాకు ఆ దోవ వద్దు. సంపెయ్ మే. ఒట్టు పెట్టుకోమంటావా?"

నేను గొడవపడ్డాను. జబ్బుమనిషి అని చూడకుండా గట్టిగా మాట్లాడాను. నీకేం తెలుసు అన్నాను. ఎంత కష్టపడి బతికించానో తెలుసా అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. బావ నన్ను రోడ్డుదాకా దింపాడు. మదనపల్లె బస్సులో కూర్చున్నాక కూడా అక్క మీద కోపం తగ్గలేదు. బతికే దారి ఉంటే కాలదన్నుతోందని. ఆ వెంటనే, బతికే దారి ఉందని నాకు నేనే చెప్పుకుంటున్నానేమో అని. ఆ రెండు ఆలోచనల మధ్య దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మేడంకు చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు చెప్పాను, ఆమె ఏదో ఒక ఉపాయం చెబుతుందేమోనని. ఆమె వెంటనే, "వద్దంటే వద్దే. ఆమె కడుపులోది, ఆమె మాట," అంది.

"మందులు పోసేదాకా ఆగండి మేడం. ఒక్క తూరి. ఆమెకు నేను నచ్చజెప్తాను."

"ఆమె వద్దన్నాక పోసినా తప్పే." గొంతు తగ్గించింది. "నాకు మాత్రం బాధ లేదా? నీ గిన్నెలో నిలిచిన మొదటివి ఇవి. అయినా ఆమె నోటితో ఆమె చెప్పాల. నీ మాట మీద నేను చెయ్యను."

ఆ మాట పట్టుకుని నేను రోజులు లాగాను. అక్కకు ఫోను చేస్తే ఎత్తేది కాదు. బావ ఎత్తి, పడుకుందనేవాడు. ఆమె వైపు నుంచి మాట రాకపోతే చాలు, ఉండలు ఇంకో రోజు బతుకుతాయి అని లెక్కవేసుకునేదాన్ని. ఆమె నాతో మాట్లాడకపోవడమే మేలు అని కోరుకునేదాకా వచ్చాను.

మూడో కీమోకు కుప్పం వచ్చినప్పుడు, ఆసుపత్రి నుంచి అక్క నేరుగా మా ల్యాబుకు వచ్చింది. బావ భుజం పట్టుకుని నడుస్తోంది. నన్ను చూడకుండా మేడంను అడిగింది. "దాన్ని నాకు సూపిస్తావా తల్లీ?"

మేడం గదిలోంచి గిన్నె తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. తెర మీద ఒక ఉండ కనబడింది. అక్క కుర్చీలో కూర్చుని, తువ్వాలు సర్దుకుని, దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంతేనా?"

"ఇది పెద్దది చేసి చూపిస్తాంది అమ్మా. అసలుది కంటికి చుక్క మాదిర ఉంటాది."

"కదలదా?"

"కదలదు."

"నొప్పి తెలుస్తాదా దానికి?"

"తెల్దు. నరాలు లేవు దానికి."

"నాకుండాయి," అంది అక్క.

నేను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక్క వారం ఇవ్వమన్నాను. రెండు మందులన్నా పోసి చూస్తామన్నాను. కాళ్లు పట్టుకున్నాను. నా కన్నీళ్లు ఆమె చీర మీద పడుతున్నాయి. ఆమె నా నెత్తిన చెయ్యి పెట్టింది. ఆ చేతికి బరువే లేదు.

"దేనికి ఏడుస్తాండావు మే నువ్వు? నాకా, నీ గిన్నెకా?"

నిజంగా తెలియలేదు. ఇప్పుడు కూడా ఎవరన్నా అడిగితే తడుముకుంటాను.

అక్క మేడంతో స్పష్టంగా, "నాది వద్దు, తీసెయ్యి తల్లీ," అంది. మేడం మిగతా ఇద్దరి ఉండలను అలాంటిదే ఇంకో గిన్నెలోకి మార్చింది. తరవాత అక్క ఉండల గుంతల్లో ఒక్కొక్కదానిలో బ్లీచింగు ద్రావణం పోస్తూ పోయింది. గులాబీరంగు పోయి తెల్లగా నీళ్లలా అయిపోయింది. తెర మీద ఉండ అంచులు వదులై, పొగలా విడిపోయింది. అక్క అన్ని గుంతలూ అయ్యేదాకా కళ్లు తిప్పలేదు. అయ్యాక మేడం వైపు తిరిగి, "ఎన్నో నెల?" అని అడిగింది. చెప్పాక, "కాళ్లు అంత వాచినాయే, ఇంతసేపు నిలబడతారా? కూసో," అని తను లేచి ఆ కుర్చీ ఆమెకు ఇచ్చింది.

పుంగనూరు దాకా నేను వాళ్లతోనే బస్సులో పోయాను. బావ వెనక సీట్లో నిద్రపోయాడు. వి.కోట దాటాక అక్క తనే మాట్లాడింది.

"కోపమా?"

"అవును."

"కోపంగా ఉండు. నేను సెప్పేది మాత్రం ఇను. నేను పోతే పోతా. పోయినాక నా బిడ్డలు ఎప్పుడన్నా ఈ దోవన వస్తారు. అమ్మ లేదు, అమ్మను తినింది మాత్రం ఆ బిల్డింగులో సల్లగా ఉండాది అంటే, వాళ్లకు ఎట్లుంటాది? నేను ఒక పక్క మట్టిలో, అది ఒక పక్క నీ గిన్నెలో. నా వల్ల కాదు మే."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె తల నా భుజం మీద వాల్చి నిద్రపోయింది. తువ్వాలు జారిపోతే మళ్లీ చుట్టాను.

మేడం కాన్పుకు వెళ్లిపోయింది. మిషను, నాలుగో గిన్నె కలిసి మిగతా ఇద్దరి ఉండలను ఆమె లేకుండా నిలబెట్టాయి. తరవాత ఇంకా ఎంతోమందివి వచ్చాయి. అవి బతుకుతున్నాయి. ఆమెకు ఆడపిల్ల పుట్టింది, ఫోటో పంపింది. ల్యాబులో అందరూ గిన్నె గురించి నన్ను మెచ్చుకున్నప్పుడు లేచి వరండాలోకి వెళ్లిపోయేదాన్ని.

మూడో కీమో కూడా పనిచేయలేదు. డాక్టర్లు తమ మామూలు పద్ధతిలో ఆలోచించి మందు మార్చారు. ఆ మందు మేము పోసి చూడాలనుకున్న వాటిలో ఉందా అని నేను వెతకలేదు. వెతికితే, ముందే తెలిసేదనో, తెలిసేది కాదనో ఒక మాట దొరుకుతుంది. ఏ మాటా నాకు వద్దు. కొత్త మందుకు కడుపులో నీళ్లు మెల్లగా తగ్గాయి. రక్తంలో అంకె దిగింది, పూర్తిగా కాదు. అక్క మళ్లీ అన్నం తింటోంది. జుట్టు పొట్టిగా, ఉంగరాలు తిరిగి వచ్చింది. ముందు అలా ఉండేది కాదు. ఆవుల దగ్గరికి పోయి నిలబడుతుంది, పాలు మాత్రం బావే పితుకుతాడు.

పోయినసారి స్కానింగులో కాలేయం దగ్గర చిన్న మచ్చ కనబడింది. ఏమిటో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆసుపత్రి బయట ఇద్దరం ఇడ్లీ తింటుండగా అక్క అడిగింది.

"మల్లా కోయాల్సొస్తే, మల్లా ముక్క అడుగుతారా?"

"అడుగుతారు."

"ఈతూరి నువ్వే సెప్పు, నాకు అర్థమయ్యేటట్ల. అంతా. ఆపరేషనుకు బాగా ముందర."

"సరే."

"ఇస్తానని కాదు."

"సరేక్కా."

ఆమె సగం ఇడ్లీ నా ప్లేటులోకి తోసింది. నేను తిన్నాను. వచ్చే నెల మళ్లీ స్కానింగు ఉంది.